శివారు పొలానికి గంగ

సెప్టెంబరు 9, మంగళవారం

మా వంతు ఇవాళ. నీళ్ళు వచ్చాయి — వచ్చాయని చెప్పుకోడానికి సిగ్గేసేటన్ని. బోదెలో నా చీలమండ కూడా మునగలేదు. ఓంవతి తాయి — పొలం ఆవిడదే, ఇక్కడ పెద్దమ్మని తాయి అంటారు — పార భుజాన వేసుకుని గట్టు మీద అలా నిలబడే ఉంది. గోంగూర మళ్ళు రెండు తడిసేసరికి వంతు అయిపోయింది. బెండ, దోస అంతా ఎండు.

"పైవాడు వాన కురిపిస్తాడులే బేటీ" అంది.

ఆకాశంలో మబ్బుతునక లేదు.

సెప్టెంబరు 10

మళ్ళీ బోరు మోటారు వేశాం, వేరే దారి లేక. ఉప్పు నీళ్ళు. రెండు తడులకే గోంగూర ఆకుల అంచులు మాడుతున్నాయి. ఇంటికొచ్చి సోఫాలో కూలబడితే నిత్య ముక్కు మూసుకుంది — "మమ్మీ, పెహలే నహా లో!" ముందు స్నానం చెయ్యాలట. తెలుగు అంతా అర్థమవుతుంది దానికి, నోరు తెరిస్తే హిందీ. పన్నెండో తరగతికొచ్చినా అంతే.

ఆయన ఆఫీసు బ్యాగు దించుతూ — "నోయిడాలో హెచ్.ఆర్. ఉద్యోగం మానేసి నీళ్ళు రాని పొలంలో దిగినదానివి నువ్వొక్కదానివే ఉంటావ్." నవ్వుతూనే అన్నారు. నవ్వొచ్చింది నాకూ. తర్వాత రాలేదు.

సెప్టెంబరు 13, శనివారం

వైశాలి సంత. గోంగూర కట్టలు సగమే. ఢిల్లీ అశోకా రోడ్డు తెలుగు మెస్సు అబ్బాయికి ఈ వారం లేదని చెప్పేశాను. "మేడమ్, గోంగూర లేకపోతే ఆదివారం జనం నన్ను కొడతారు" అన్నాడు.

మూడేళ్ళ కిందట ఇదే సంత. గోనె పరిచి బతువా ఆకు, ఆవాకు అమ్ముతున్న ముసలావిడని "గోంగూర ఉందా" అని అడిగాను. "వో క్యా బలా హై?" అంది, అదేం పీడ అన్నట్టు. మరుసటి వారం విత్తనాలు తీసుకెళ్ళి చేతిలో పోశాను. వానల్లో ఒక మోపు కట్టి తెచ్చింది. విప్పితే — మా అవనిగడ్డ. సంత మధ్యలో ఏడుపొచ్చింది, ఆకుకూర చూసి. ఆ ముసలావిడే తాయి. ఇప్పుడు పొలం ఆవిడది, విత్తనం నాది, చాకిరీ ఇద్దరిదీ, పంట చెరిసగం. ఆవిడ ఇప్పటికీ "గోంగోరా" అనే అంటుంది. దిద్దను.

సెప్టెంబరు 23, మంగళవారం

చుక్క లేదు.

మైనరుకి, అంటే మా ఊరి పిల్లకాలువకి, ఒక వారం పారకం, ఒక వారం కట్టు. పారే వారంలో మంగళవారం పొద్దున మాది. సాహిబాబాద్‌లో ర్యాపిడ్ రైలెక్కి, మురాద్‌నగర్‌లో దిగి, ఈ-రిక్షాలో ఊరికి పోయి చూస్తే బోదె అడుగున పగుళ్ళు. బెండ పూత రాలిపోతోంది.

తాయి మరిది కొడుకు మోనూ వచ్చాడు, తెల్ల కారులో ఒకాయన్ని వెంటేసుకుని. ఆయన ప్లాట్లు వేసి అమ్ముతాడట. మోనూ పొలం మాకు కిందనే, కాలువకి ఆఖరు. నాలుగేళ్ళుగా బీడు. ఒక్క దాన్నీ కొనడు ఆయన — దారి తాయి పొలంలోంచి పోవాలి, రెండూ కలిపితేనే బేరం.

"నీళ్ళు రాని పొలం పొలమేనా తాయీ? ఊరికే పట్టుకు వేలాడుతున్నావ్" అన్నాడు మోనూ. కసురుకుని కాదు, జాలిగానే.

తాయి రాలిన బెండ పూత ఒకటి ఏరి చేతిలో నలిపింది. చివరికి — "గోధుమ విత్తే వేళకి నీళ్ళొస్తే విత్తుతాను. రాకపోతే తీసుకోండి."

ఆవిడ పొలం, ఆవిడ ఇష్టం. నేనెవరిని?

సెప్టెంబరు 24

రాత్రంతా ఒకటే ఆలోచన. పెద్దకాలువ మురాద్‌నగర్ దగ్గర నిండుగా పోతోంది, రైల్లోంచి రోజూ చూస్తున్నాను. మరి మా దగ్గరికి ఏమవుతోంది? మళ్ళీ వెళ్ళాను. "పైకి నడుద్దాం" అన్నాను. తాయి వద్దంది, తను రానంది. ఎందుకో అప్పుడు తెలీలేదు.

పైన, కొత్త రోడ్డుకి అవతల సత్‌బీర్ అనే రైతు పొలం. చెరకు. అక్కణ్ణించి ఇంకా పైకి పోతే మైనరు మొదట్లో తలుపు — దాదాపు పూర్తిగా దించేసి ఉంది. ఎవరు దించారని అడిగితే తడుముకోకుండా చెప్పాడు సత్‌బీర్. "నేనే."

నోటికొచ్చినట్టు అనేశాను. నా హిందీ కోపంలో ఇంకా అధ్వాన్నం. కింద ఆడవాళ్ళ పంట ఎండుతుంటే నీకు నిద్రెలా పడుతోందన్నాను. ఆయన అరవలేదు. "రా మేడమ్" అని పొలంలోకి తీసుకెళ్ళాడు.

చెరకు సగం పడిపోయి ఉంది. మోకాలి లోతు నీళ్ళలో, కుళ్ళు కంపు.

"తలుపు ఎత్తితే నీళ్ళు రోడ్డు దగ్గరకొచ్చి ఆగుతున్నాయి. ఆగి, గట్టు పొర్లి నా మీద పడుతున్నాయి. నేను దొంగనా? మునిగినవాణ్ణి."

చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి నడిచాను.

తిరిగొచ్చి తాయికి చెప్తే మొహం పక్కకి తిప్పుకుంది. నాలుగేళ్ళుగా మాటల్లేవట వాళ్ళిద్దరికీ. నీళ్ళు తినేస్తున్నాడని ఈవిడ. పంచాయతీలో తన పరువు తీసిందని ఆయన. అంతకు ముందు ఏటా రాఖీ కట్టేదట.

సెప్టెంబరు 25

మా ఆయనకి చెప్పాను. "అంటే పైవాడు మునుగుతున్నాడు, కిందివాడు ఎండుతున్నాడు, మధ్యలో రోడ్డు" అన్నారు కంచం ముందు. పప్పు వడ్డిస్తూ ఆగిపోయాను. అవును కదా. మధ్యలో రోడ్డు.

నాలుగేళ్ళ కిందటే రోడ్డు వేశారు. నాలుగేళ్ళుగానే మోనూ పొలం బీడు. నాలుగేళ్ళుగానే మాటల్లేవు.

సెప్టెంబరు 28

మైనరు మీద తిరిగే కాలువ మనిషికి ఫోన్ చేశాను. పత్రోల్ అంటారు ఇక్కడ. రోడ్డు కింద గొట్టం ఉందట. లోపల ఏముందో ఎవరు చూస్తారు మేడమ్, ఎప్పుడూ నీళ్ళో బురదో ఉంటుంది కదా అన్నాడు. దసరా తర్వాత కాలువ మొత్తం కట్టేస్తారు, అప్పుడు చూసుకోండి అన్నాడు.

ఆగాలి. బెండ అప్పటికి ఉండదు.

అక్టోబరు 1

బెండ పీకేశాం. తాయి పాట పాడుతూ పీకింది. నేను పాడలేకపోయాను.

అక్టోబరు 3

సొసైటీ నోటీసు లిఫ్టు దగ్గర: గంగ కాలువ మూసివేత, కుళాయి నీళ్ళు పొదుపుగా వాడండి. కింద ఆంటీలు బకెట్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఈ కుళాయిదీ ఆ పొలానిదీ ఒకే నీళ్ళని వాళ్ళకి చెప్తే, "అచ్ఛా?" అన్నారు. నాకు మాత్రం ఎప్పుడు తెలుసు?

నిత్య అడిగింది, అసలు ఎక్కణ్ణించి వస్తాయని. కూరగాయల బల్ల మీదే చూపించాను. పైన కొండల్లో టెహ్రీ జలాశయం — అది ఈ గిన్నె. వానాకాలం నింపుకుని, తర్వాత కొంచెం కొంచెం నదిలోకి వదులుతారు. హరిద్వార్ దగ్గర అడ్డుకట్ట, అక్కడ నది లోంచి కాలువలోకి మళ్ళింపు. అక్కణ్ణించి పెద్దకాలువ, ఈ సొరకాయంత. దాన్నుంచి చిన్నకాలువలు, వాటి నుంచి మైనర్లు — బెండకాయలు. మైనరు గట్టుకి తూములు. వీళ్ళు కులాబా అంటారు. తూము దాటితే బోదె, చిక్కుడుకాయంత. బోదె దాటితే మడి.

"ఔర్ హమ్ కహాఁ హైఁ?" అంది — మరి మనం ఎక్కడని.

బల్ల అంచు చూపించాను. మా అమ్మావాళ్ళ పొలమూ ఇలాగే, కృష్ణ కాలువకి శివారు. అక్కడ శివారు భూమి అంటే పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఒకసారి ఆలోచించేవారు. ఎక్కడో ఢిల్లీ పక్కన, మళ్ళీ వెతుక్కుని శివారుకే వచ్చి పడ్డాను.

అక్టోబరు 5, ఆదివారం

ఎండిన మైనరులో దిగి నడిచాం. నేను, మా ఆయన (సెలవు రోజు, గొణుక్కుంటూ), తాయి. రోడ్డు దగ్గరికి వెళ్ళేసరికి అవతలి పక్కనుంచి సత్‌బీర్ కూడా దిగి ఉన్నాడు. నేనే రమ్మన్నాను. తాయికి చెప్పలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ వంగి గొట్టంలోకి చూశారు — ఈవిడ ఈ వైపు నుంచి, ఆయన ఆ వైపు నుంచి.

వెలుగు కనపడలేదు.

గొట్టం నిండా గట్టిపడ్డ పూడిక. సిమెంటు సంచులు, పెళ్ళి పందిళ్ళ థర్మోకోలు, గుర్రపుడెక్క ఎండి చాపలా అల్లుకుపోయింది. వీటన్నిటి వెనక కాంక్రీటు పెళ్ళ ఒకటి, రోడ్డు వేసినప్పుడు ఏ కూలీవాడి చేతిలోంచి జారిందో, అడ్డంగా పడి ఉంది. చెత్తంతా దానికి తట్టుకుని నాలుగేళ్ళుగా పేరుకుంది.

ఆ వైపు నుంచి సత్‌బీర్ గొంతు, గొట్టంలో బొంగురుగా — "జీజీ, ఇది చూశావా?" అక్కని పిలిచే పిలుపు అది.

తాయి గొట్టం దగ్గర్నించి తల తియ్యకుండానే — "చూశాను."

అంతే. నాలుగేళ్ళ తర్వాత ఒక మాట.

అక్టోబరు 7, మంగళవారం

కాలువ ఆఫీసుకి వెళ్ళాం, తాయి నేను. కుర్ర ఇంజనీరు. పూడిక మేమే తీసుకుంటామంటే మొదట ఒప్పుకోలేదు. రోడ్డు కుంగితే? మనిషి లోపల ఇరుక్కుంటే? రెండూ నాకు తట్టనే లేదు. తనే వచ్చి చూసి, గొట్టం మట్టం కొలిచి, ఎలా తియ్యాలో చెప్తానన్నాడు. గొట్టంలోకి ఎవరూ దూరకూడదు, అది షరతు.

అక్టోబరు 12, ఆదివారం

ఒళ్ళంతా పులిసిపోయింది.

ఊళ్ళో ఇంటికొకరు వచ్చారు. రారేమో అనుకున్నాను. సత్‌బీర్ పైవాళ్ళని తెచ్చాడు, తాయి కిందివాళ్ళని. రెండు గుంపులూ రోడ్డుకి చెరో పక్క నిలబడి, పెళ్ళిలో ఇటువాళ్ళూ అటువాళ్ళూ చూసుకున్నట్టు చూసుకున్నారు. ఇంజనీరు చెప్పినట్టే పొడుగు గడలకి కొక్కేలు కట్టి లాగాం. పొద్దంతా పూడికే. ఆడవాళ్ళం తట్టలు అందించుకున్నాం. నా పక్కన ఉన్న కోడలు పిల్ల ముసుగులోంచి అడిగింది — "మీ మద్రాసులో కూడా బురద ఇలాగే ఉంటుందా?" నల్లగా ఉంటుందన్నాను. ఇది కూడా నల్లగానే ఉంది కదా అంది.

పెళ్ళ కదల్లేదు.

అక్టోబరు 13

ఇవాళ కదిలింది! సత్‌బీర్ ట్రాక్టరు, ఇనప గొలుసు. రెండుసార్లు గొలుసు జారింది. మూడోసారి పెద్ద చప్పుడు — తెగిందనుకున్నాను. కాదు. పెళ్ళ నేల మీద ఈడ్చుకుంటూ బయటికొచ్చింది, దాని వెనకే చెత్తంతా. తాయి వంగి చూసి "సూర్యుడు కనిపిస్తున్నాడు" అంది. అవతలి వెలుగు. చప్పట్లు కొట్టారెవరో.

మోనూ మోటార్‌సైకిల్ ఆపి రోడ్డు మీంచి చూశాడు. దిగలేదు.

"ఇంత చేశాక నీళ్ళు రాకపోతే?" అన్నాడు. నాకూ అదే భయం.

అక్టోబరు 20

దీపావళి. నిత్య ముగ్గేసింది. పొగ. దగ్గు.

అక్టోబరు 23

ఉత్తరాదిలో భాయీ దూజ్. మనకి భగినీ హస్త భోజనం. అక్కచెల్లెళ్ళ చేతి అన్నం తినాల్సిన రోజు.

తాయి పొద్దున్నే ఫోన్ చేసింది. "బేటీ, ఖాళీగా ఉంటే రా." ఖాళీ చేసుకుని వెళ్ళాను. వాకిలి అలికింది. పూరీలు, ఆలూ కూర, ఖీరు — ఎవరొస్తారో చెప్పదు, గుమ్మం వైపే చూపు. మధ్యాహ్నం దాటింది. ఖీరు మీద తెట్టు కట్టింది. ఆవిడ దాన్ని చెంచాతో తీసి, మళ్ళీ కట్టాక మళ్ళీ తీసి…

"నువ్వు పిలిచావా తాయీ?"

"పిలవలేదు. పిలిస్తే రావడం గొప్పా?"

వచ్చాడు. సత్‌బీర్. ఉతికిన బట్టలు, తలకి నూనె. గుమ్మంలో చెప్పులు విడిచి, ఈ రోజు అక్కలు ఇచ్చే కొబ్బరికాయ కోసం చెయ్యి చాచాడు, ఏం జరగనట్టు. తాయి బొట్టు పెట్టింది. బొట్టు కాస్త కనుబొమ్మ మీదకి జారింది. తుడవబోతే వద్దన్నాడు.

తింటూ తింటూ తల ఎత్తకుండా — "జీజీ, నీ పూరీ ఇంకా మందంగానే ఉంది."

"ముసలిదాన్నయ్యాను. తిను."

నేను లేచి బయటికొచ్చేశాను. గేదెకి గడ్డి వేసినట్టు కాసేపు నటించాను.

అక్టోబరు 29

కుళాయిలో మళ్ళీ మంచి నీళ్ళు. అంటే పెద్దకాలువ వదిలారు!

పత్రోల్‌కి ఫోన్. మైనరుకి వచ్చే వారం అట. మా వంతు నాలుగో తారీకు.

నవంబరు 3

అన్నం సయించలేదు. మా ఆయన రేపు సెలవు పెడతానన్నారు. వద్దన్నాను. నీళ్ళు రాకపోతే ఆ మొహం ఎవరికీ చూపించలేను.

నవంబరు 4, మంగళవారం

అంతా రాసుకోవాలి. ఒక్క ముక్క వదలకూడదు.

వెళ్ళేసరికి తాయి బోదె శుభ్రం చేసి, మడవ తీసి, పార ఆనించుకుని కూచుంది. బోదె ఎండుగానే ఉంది. పైన తలుపు పూర్తిగా ఎత్తామని సత్‌బీర్ కబురు. పక్కనే కూచున్నాను.

ముందు కొంగలు వచ్చాయి. మైనరు గట్టు వెంట, ఎగిరి వాలుతూ, ఎగిరి వాలుతూ. తాయి లేచి నిలబడింది. తర్వాత మోటార్‌సైకిల్ చప్పుడు — సత్‌బీర్, గట్టు మీద, నడిచే మనిషంత నెమ్మదిగా నడుపుతూ. పక్కన కాలువలో నీళ్ళు. నీళ్ళతోపాటే వస్తున్నాడు ఆయన, ఊరేగింపులో దేవుడి పక్కన నడిచినట్టు. రోడ్డు దాటి మరీ వచ్చాడు.

"ఆ గయా జీజీ! ఆ గయా!" వచ్చేశాయని కేక.

నీళ్ళ ముందు నురగ, ఎండుటాకులు, పుల్లలు. పగుళ్ళలోంచి పురుగులు బయటికొచ్చి పరుగులు. తూములోంచి మా బోదెలోకి మలుపు తిరిగినప్పుడు చిన్న గుటక వేసిన చప్పుడు. చెప్పులు విప్పి దిగాను. చల్లన. పిక్కల దాకా. కొండల మీది నీళ్ళు, మా కుళాయిలో నీళ్ళు, నా కాళ్ళ మీంచి.

తాయి దోసిట్లో తీసుకుని నెత్తిన చల్లుకుంది. తర్వాత నా నెత్తిన. తర్వాత పార అందుకుని "చూస్తూ నిలబడితే మడి నిండుతుందా?" అని కసిరింది.

గోధుమకి అనుకున్న చెక్క మొత్తం తడిసింది. ఇవతల చిక్కుడు, టమాటా మళ్ళు కూడా. వంతు అయ్యేసరికి నీళ్ళింకా నిండుగా ఉన్నాయి.

మా తర్వాతి వంతు మోనూది. నాలుగేళ్ళుగా వాడనిది. అప్పటికే వచ్చి ఉన్నాడు, ఆ తెల్ల కారాయనతో. ఇవాళ్టికి రమ్మని ఎప్పుడో చెప్పుకున్నారట. నీళ్ళు రావని ధీమా కాబోలు.

తాయి మా మడవ కట్టేసి, పార అతని ముందు నేలలో గుచ్చింది. "నీ వంతు. వదిలేస్తావా, పట్టుకుంటావా?"

"తాయీ, ఆ బీడుకి పెట్టి ఏం లాభం—"

"లాభం అడగలేదు. వంతు నీది అన్నాను."

అతను కారు వైపు చూశాడు. నీళ్ళ వైపు చూశాడు. నీళ్ళు ఆగవు కదా, తేల్చుకునేదాకా. బోదె పొంగి గట్టు మీదకి వస్తోంది. "అరే, అరే" అంటూ బూట్లతోనే దిగిపోయి పార పట్టాడు. మొదటి మడవ వంకరగా తీశాడు. సత్‌బీర్ గట్టు మీంచి అరిచి చెప్పాడు. రెండోది సరిగ్గా వచ్చింది.

బీడు తాగుతూ ఉంటే చప్పుడు వినపడింది. సన్నగా, బుసబుస.

కారాయన హారన్ కొట్టాడు. మోనూ బురద చేతులతోనే వెళ్ళి కిటికీ దగ్గర వంగి ఏదో చెప్పాడు. కారు వెళ్ళిపోయింది. ఏం చెప్పావని తాయి అడిగితే — "హోలీ దాకా ఆగమన్నాను."

అంతే. అమ్మనని అనలేదు. హోలీ దాకా.

నవంబరు 5

జ్వరం. నవ్వొస్తోంది, జ్వరంలో కూడా.

నవంబరు 11

నేల పదునుకొచ్చింది. గోధుమ విత్తారు. మోనూకి విత్తనం తాయే ఇచ్చింది. గోంగూర విత్తనం కొంచెం దాచాను, ఎండాకాలానికి. సత్‌బీర్ అడిగాడు — "మేడమ్, మీ పుల్లాకు నా గట్టు మీద కూడా మొలుస్తుందా?" మొలుస్తుందన్నాను. వాళ్ళావిడకి పచ్చడి చేసి పంపాలి. కారం తగ్గించి.

నవంబరు 18, మంగళవారం

నీళ్ళు వచ్చాయి. మాకు అక్కర్లేదు, నేల ఇంకా తడిగానే ఉంది. వంతు పక్కవాళ్ళకి ఇచ్చేసింది తాయి. వంతు ఇచ్చెయ్యడం! రెండు నెలల కిందట కలలో కూడా…

నిత్య వచ్చింది ఇవాళ, పరీక్షల మధ్య. మొలకల మధ్య ఒంటికాలి మీద నిలబడి ఫోటోలు. తిరుగు రైల్లో నా భుజం మీద నిద్రపోయింది. జుట్టులో మట్టి.

నవంబరు 26

గోధుమ బెత్తెడు. మోనూ చెక్కలో కూడా. అక్కడక్కడా బట్టతల, కానీ పచ్చగా ఉంది.

తాయి అమ్మకం మాట ఎత్తదు. నేనూ ఎత్తను. ఆ కారు మొన్న మళ్ళీ ఊళ్ళోకి వచ్చి వెళ్ళిందట. మోనూ అప్పులూ అవసరాలూ నాకు తెలుసు. హోలీకి ఏమంటాడో అతనికే తెలీదేమో.

డిసెంబరు 1, సోమవారం

మంచు. బాల్కనీలోంచి ఎదురు బ్లాకు కనపడటం లేదు. రేపు గోధుమకి మొదటి తడి. ఇది తప్పితే పిలకలు రావని తాయి నాలుగుసార్లు చెప్పింది.

సాయంత్రం ఫోన్. తాయి అనుకున్నాను. మోనూ.

"ఆంటీ, మైనరులో నీళ్ళు ఇంకా దిగలేదు. పైన చిన్నకాలువకి ఎక్కడో గట్టు తెగిందంటున్నారు. నిజమో కాదో తెలీదు."

"ఎక్కడున్నావ్?"

"తలుపు దగ్గర. మధ్యాహ్నం నుంచీ ఇక్కడే."

చలికి పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది.

"తాయికి చెప్పావా?"

"చెప్తే నిద్ర పట్టదు ఆవిడకి. పొద్దున చెప్తాను."

"రేపటికి రాకపోతే?"

గాలి చప్పుడు.

"రాకపోతే సత్‌బీర్ చాచా, నేను పైకి వెళ్ళి చూస్తాం. మీరు మొదటి రైలుకి వచ్చెయ్యండి."